ఆటలమ్మ రెండోసారి ఎందుకు రాదు?

మేము తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడాది, సంక్రాంతి సెలవులు అయిపోగానే మా హాస్టల్లో ఆటలమ్మ పోసింది. మొదట ఒక్కడికే. ఇంటికి పంపేస్తారు, పరీక్షలు పోతాయి అనే భయంతో వాడు రెండు రోజులు ఫుల్ చేతుల చొక్కా వేసుకుని పొక్కులు దాచాడు. మూడు వారాలు తిరిగేసరికి పదకొండు మంది చాపలు, ట్రంకు పెట్టెలు వేరే గదిలోకి మారాయి. ఆ గదిలోకి జంకు లేకుండా వెళ్లింది కామాటి అమ్మ ఒక్కతే. "నాకు చిన్నప్పుడే పోసిందిరా, మళ్లీ రాదు" అనేది. నిజంగానే రాలేదు.

ఎందుకు రాలేదో మాకు ఇంటర్లో బైపీసీ చదివాక గానీ అర్థం కాలేదు.

మన శరీరానికి మొదటి కాపలా చర్మం. ముక్కులోని చీమిడి, కన్నీళ్లు, కడుపులోని ఆమ్లం కూడా కాపలాదారులే. వీటిని దాటి వచ్చిన సూక్ష్మజీవుల్ని తెల్ల రక్తకణాల్లో కొన్ని పట్టి మింగేస్తాయి. 1882లో మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రవేత్త నక్షత్ర చేప పిల్లలో గులాబీ ముల్లు గుచ్చి, కణాలు దాని చుట్టూ మూగడం చూసి ఈ సంగతి గ్రహించాడు. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కణాలు ఎవరు కొత్తగా వచ్చినా ఒకేలా ఎదిరిస్తాయి. లింఫోసైట్లు అలా కాదు. ఒక్కో లింఫోసైటు ఒక్కో రకం శత్రువునే గుర్తుపడుతుంది. గుర్తుపట్టినది వేలకు వేలుగా పెరిగి, కొన్ని ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి, కొన్ని వైరస్ చేరిన కణాలను చంపుతాయి. కొత్త శత్రువైతే ఇందుకు రోజులు పడుతుంది. జబ్బు తగ్గాక వాటిలో కొన్ని జ్ఞాపక కణాలుగా మిగిలిపోతాయి. అదే వైరస్ మళ్లీ వస్తే అవి వెంటనే లేస్తాయి.

ఈ జ్ఞాపకం ఎంతకాలం ఉంటుంది? ఫారో దీవుల్లో 1781లో తట్టు వచ్చి పోయింది. మళ్లీ 1846లో వచ్చి, ఏడు వేల పైచిలుకు జనాభాలో సుమారు ఆరు వేల మందికి సోకింది. 1781లో తట్టు వచ్చి తగ్గిన ముసలివాళ్లకు మాత్రం సోకలేదని పానుమ్ అనే డాక్టరు రాశాడు. అరవై అయిదేళ్ల జ్ఞాపకం! టీకా చేసేదీ ఇదే, జబ్బు లేకుండా జ్ఞాపకం ఇవ్వడం.

ఇక తమ్ముళ్లకు ఒక మాట. ఆటలమ్మ పోస్తే పత్యం పేరుతో గుడ్డు, పప్పు మాన్పించేస్తారు. మాకూ మాన్పించారు. ప్రతిరక్షకాలు ప్రోటీన్లే. పోరాడే ఒంటికి అవే కావలసిన రోజుల్లో మేము ఉత్త మజ్జిగన్నం తిన్నాం (మామూలు రోజుల్లో మా పప్పు కూడా నీళ్లే అనుకోండి). ఆస్ప్రిన్ మాత్రం పిల్లలకు ఇవ్వకూడదు, కాలేయానికీ మెదడుకూ ప్రమాదం.

ఇంకో సంగతి మమ్మల్ని ఇప్పటికీ బాధపెడుతుంది. పొక్కులు దాచినవాడితో మేమంతా వేసవి సెలవుల దాకా మాట్లాడలేదు. పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆటలమ్మ ఇతరులకు అంటుతుంది. వాడు మొదటి రోజే చెప్పినా మాలో కొందరికి అప్పటికే సోకి ఉండేది. వాడి తప్పు మేము అనుకున్నంత లేదు.

రెండోసారి రాదన్నది కూడా పూర్తి నిజం కాదు. అరుదుగా కొందరికి వస్తుంది. పైగా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు, నరాల మొదళ్లలో నిద్రపోతుంది. వయసు మీదపడి, జ్ఞాపక కణాల పట్టు సడలినప్పుడు నరం వెంబడి దిగి ఒక పక్కనే పొక్కులు వేస్తుంది. మన ఊళ్లలో అక్కి అనేది అదే. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు మందు మొదలుపెడితే మంచిది. కామాటి అమ్మకు నడుము మీద అక్కి లేచినప్పుడు రెండో రోజే ఆస్పత్రికి తీసుకెళ్లింది, ఆనాడు పొక్కులు దాచినవాడే.