లోతుకు దిగినకొద్దీ బరువెక్కే ఓడ

1963 ఏప్రిల్ 10. ఉదయం తొమ్మిది దాటింది. అమెరికా తూర్పు తీరానికి సుమారు 350 కిలోమీటర్ల దూరాన, అట్లాంటిక్ మహాసముద్రంలో ‘థ్రెషర్’ అనే అణుశక్తి జలాంతర్గామి లోతు పరీక్షకై క్రమక్రమంగా దిగుతున్నది. పైన ‘స్కైలార్క్’ అనే రక్షణనౌక కాచుకొని ఉన్నది. ఇంతలో కిందినుంచి కబురు: చిన్న ఇబ్బంది ఏర్పడిందనీ, ట్యాంకులలోని నీటిని వెళ్ళగొట్టడానికి ప్రయత్నిస్తున్నామనీ. ఆ తరువాత కొన్ని అస్పష్టమైన మాటలు, ఆపైన నిశ్శబ్దం. 129 మంది తిరిగి రాలేదు.

జలాంతర్గామి మునగడానికీ తేలడానికీ మూలం ఆర్కిమెడిస్ సూత్రమే. తాను తొలగించిన నీటికంటె తేలికైతే తేలుతుంది, బరువైతే మునుగుతుంది, సమానమైతే ఉన్నచోటనే నిలుస్తుంది. పెద్ద ట్యాంకులలోకి సముద్రజలాన్ని వదిలితే ఓడ దిగుతుంది. సంపీడిత వాయువుతో ఆ నీటిని బయటికి నెడితే పైకి లేస్తుంది.

చెప్పడానికి సులువే. కాని ఆ సమతూకం ఎంతోసేపు నిలవదు. వంటసరుకులు తరిగినా, టార్పెడో వదలినా బరువు మారుతుంది. గంగా బ్రహ్మపుత్రల నీరు కలిసే బంగాళాఖాతపు ఉత్తర భాగంలో పైనీటికి ఉప్పదనం తక్కువ. అక్కడ ప్రవేశించిన ఓడ మరికాస్త కుంగుతుంది. అన్నిటికంటె మోసకారి లోతు. ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఉక్కు కవచం స్వల్పంగా కుంచించుకుపోతుంది. తొలగించే నీరు తగ్గుతుంది. ఓడ మరింత బరువెక్కుతుంది. అందుకే చిన్న ట్యాంకులలో లెక్కప్రకారం నీరు ఎక్కిస్తూ, తీస్తూ ఉంటారు. వేగం ఉన్నంతవరకు రెక్కలు కూడా ఓడను అదుపులో ఉంచుతాయి. విశాఖపట్నం సాగరతీరాన 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న ‘కుర్సురా’ లోపల అల్లుకున్న గొట్టాలను, కవాటాలను చూస్తే ఈ తూకానికి ఎంత ఏర్పాటు కావాలో తెలుస్తుంది.

థ్రెషర్ విషయంలో ఇంజను గదిలో గొట్టం పగిలి, నీరు చిమ్మి, విద్యుత్ పరికరాలు చెడి, రియాక్టరు ఆగిపోయి ఉండవచ్చునని విచారణ సంఘం భావించింది. రియాక్టరు ఆగితే వేగం పోతుంది, రెక్కలు పనిచేయవు. ఇక సంపీడిత వాయువే దిక్కు. అదీ ఎందుకు ఆదుకోలేదు? అదే తరగతికి చెందిన ‘టినోసా’ను రేవులో పరీక్షించినప్పుడు జవాబు దొరికింది. ఒక్కసారిగా వ్యాకోచించిన గాలి చల్లబడి, అందులోని తేమ మంచుగా గడ్డకట్టి, గొట్టాలలోని జల్లెడలను మూసివేసింది.

ఆ ఏడే అమెరికా నౌకాదళం ‘సబ్‌సేఫ్’ అనే భద్రతా విధానాన్ని ప్రారంభించింది. నీటి ఒత్తిడిని భరించే ప్రతి గొట్టానికీ, ప్రతి అతుకుకూ, నీటిని వెళ్ళగొట్టే ఏర్పాటుకూ కఠినమైన తనిఖీ తప్పనిసరి అయింది. 1968లో మునిగిన ‘స్కార్పియన్’కు ఆ ధ్రువపత్రం లేదు. ధ్రువపత్రం పొందిన జలాంతర్గామి ఒక్కటైనా ఇంతవరకు సముద్రం పాలు కాలేదు.