బాక్టీరియా చక్కెర తొడుగు

శరీరంలోకి ప్రవేశించిన బాక్టీరియాను తెల్ల రక్తకణాలు మింగివేస్తాయని మీకు తెలుసు. మరి న్యుమోనియా కలిగించే న్యుమోకాకస్ వాటికి సులభంగా ఎందుకు చిక్కదు? దాని కణకవచంపై జిగురులాంటి మరో తొడుగు ఉంటుంది. దీనిని గుళిక అంటారు. 1928లో గ్రిఫిత్ చేసిన ప్రయోగాలలో గుళిక ఉన్న బాక్టీరియా ఎలుకలను చంపింది. గుళిక లేనిది చంపలేదు.

గుళికలో ఉండేది చక్కెర అణువుల గొలుసులు (మనం టీలో వేసుకొనే పంచదార కాదు సుమా!). చాలా రకాలలో దీని తయారీ ఇలా జరుగుతుంది. కణం లోపల ఎంజైములు కొన్ని చక్కెర అణువులను ఒకదాని తర్వాత ఒకటిగా ఒక కొవ్వు అణువుపై పేరుస్తాయి. ఈ చిన్న ముక్కను కణత్వచం లోపలి వైపు నుండి వెలుపలి వైపుకు తిప్పుతాయి. అక్కడ ముక్కలు పూసలవలె కలిసి పొడవైన గొలుసు ఏర్పడుతుంది. అది కణకవచానికి అతుక్కొంటుంది.

ఇంతటితో ఆగదు. మరొక ఎంజైము గొలుసుకు అసిటైల్ సమూహాలను చేరుస్తుంది. ఆ ఒక్క ఎంజైము జన్యువు చెడిపోతే 9వి రకం కాస్తా 9ఎ రకం అవుతుంది. ఇలా 100కు పైగా రకాలున్నాయి. ఒక రకాన్ని గుర్తించే ప్రతిరక్షకం మరో రకాన్ని గుర్తించకపోవచ్చు. అందుకే న్యుమోకాకల్ టీకాలో అనేక రకాల గుళికల చక్కెరలను చేరుస్తారు. మన దేశంలో 2017లో కొన్ని రాష్ట్రాలలో మొదలైన ఈ టీకాను 2021లో అంతటా విస్తరించారు. పసిపిల్లలకు 6, 14 వారాల వయసులోను, 9 నెలలకు మరోసారి ఉచితంగా వేస్తారు.