ఉపాధ్యాయ బృందమున శాంతికాముకుడు

పరీక్షాపత్రము గూర్చియో, వెనుకబడిన విద్యార్థుల గూర్చియో ఉపాధ్యాయులు నలుగురు కూడి తర్జనభర్జనలు పడుచున్న వేళ, "మీ రెట్లు నిశ్చయించిన నాకట్లే సమ్మతము" అని చిరునవ్వుతో పలికి, మరల తన దిద్దుబాటు పుస్తకములలో తలదూర్చు వ్యక్తి యొకడు ప్రతి పాఠశాలయందును గానవచ్చును. మనుష్య స్వభావములను తొమ్మిది తెగలుగా విభజించు ఎన్నియాగ్రామ్ అను పద్ధతిలో ఇట్టివానిది తొమ్మిదవ తెగ. ఆ విభజనకు శాస్త్రీయ ప్రామాణ్యము స్వల్పమే గాని, అది చిత్రించిన మనిషి మాత్రము కల్పితుడు కాడు. మనశ్శాస్త్రజ్ఞులు వ్యక్తిత్వమున గుర్తించిన యైదు ప్రధానాంశములలో, ఇతనియందు ప్రస్ఫుటముగ గానవచ్చు సమ్మతిశీలత యొకటి.

ఇతనిని నిష్క్రియుడని త్రోసిపుచ్చుట అన్యాయము. గణితోపాధ్యాయుడు పిల్లలకు లెక్కలు రావనును. తెలుగు పండితుడు వారికి చదువుటయే రాదనును. ఇరువురును ఒకరి నొకరు తప్పుపట్టుచుండగా, ఇరుపక్షముల మాటను ఓపికతో ఆలకించినవాడొక్కడే, బాలునికి అర్థము కానిది కూడికయు తీసివేతయు గాక, లెక్కను చెప్పిన వాక్యమని గ్రహింపగలడు. అయితే గ్రహించిన దానిని పైకి చెప్పడు. చెప్పినచో ఎవరో యొకరు నొచ్చుకొందురని వాని భయము. ఈ మౌనమునకు మూల్యము చెల్లించువారు ఉపాధ్యాయులు కారు, తరగతిలోని పిల్లలు.

ఇట్టి సంకోచము కేవలము సౌమ్యులకే పరిమితమైనది కాదు. అమెరికాలో సాలమన్ యాష్ 1950 ప్రాంతమున జరిపిన ప్రయోగములలో, గీతల పొడవును పోల్చునంతటి సులభ విషయమందు సైతము, తక్కిన వారందరు కూడబలుక్కొని తప్పు చెప్పగా, పరీక్షకు వచ్చిన వారిలో సుమారు ముప్పాతికమంది ఒక్కసారియైనను ఆ తప్పునకే తలయూచిరి. తోడుగా ఒక్కడు నిజము పలికినప్పుడు మాత్రము ఆ లొంగుబాటు మిక్కిలి తగ్గిపోయెను. కావున శాంతికాముకునకు ధైర్యోపదేశము చేయుటకన్న, పదిమంది సభలోనికి పోకముందే ఒక సహోపాధ్యాయునితో జతగూర్చి మాటలాడనిచ్చుట మేలని నాకు తోచును.

జపాను దేశపు ఉపాధ్యాయు లీ చిక్కును వేరొక త్రోవను పరిష్కరించుకొనిరి. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగముననే మొలకెత్తి, 1999లో స్టిగ్లర్, హీబర్ట్ అను పండితుల గ్రంథముచే ఇతర దేశములకు విశేషముగా పరిచితమైన జుగ్యో కెన్క్యూ, అనగా పాఠాధ్యయనము, అను పద్ధతిలో, కొందరు ఉపాధ్యాయులు కలిసి యొక పాఠమును రూపొందింతురు. ఒకరు బోధింపగా తక్కినవారు తరగతి గదిలో నిలిచి, ఏ బాలుడు ఎచ్చట తడబడెనో, ఏ బాలిక తన నోటుపుస్తకమున ఏమి వ్రాసి కొట్టివేసెనో నమోదు చేసికొందురు. పిదప జరుగు చర్చయందు సాధారణముగా బోధించినవారే మొదట మాటలాడుదురు. పాఠము అందరిదైనందున విమర్శ వ్యక్తికి తగులదు. మాటలాడువారి చేత అభిప్రాయము గాక చూచిన దాని నమోదుండును. ఎదుటివాని మనసు నొప్పింపకయే సత్యము చెప్పగల యిట్టి వేదిక మన శాంతికాముకుని కొరకే నిర్మించిరా యనిపించును! నిశితముగా గమనించుట వానికి స్వభావసిద్ధము. పోట్లాట లేనిచోట వాని నోరు దానంతటదే విచ్చుకొనును.

మన దేశమున కొఠారీ కమిషన్ (1964–66) ఇరుగుపొరుగు పాఠశాలలను ఒక్క ముడిగా గట్టి పాఠశాలా సముదాయములను నెలకొల్పవలెనని సూచించెను. ఆంధ్ర, తెలంగాణములలో ఇట్టి సముదాయపు సమావేశమైన కాంప్లెక్స్ మీటింగు అను మాట నెరుగని ఉపాధ్యాయుడు అరుదు. అక్కడ పెద్ద గొంతుకవారిదే పైచేయి యగుట కూడ కొత్తకాదు. చర్చకు ముందే ప్రతివారును తమ యభిప్రాయమును చీటిమీద వ్రాసి యిచ్చుటయు, చివర వానినన్నిటిని క్రోడీకరించి వినిపించు బాధ్యతను సౌమ్యునకే అప్పగించుటయు ఆచారమైనచో, వాడు సైతము తన మాటను దాచుకొనజాలడు. ఏలన, వాని చీటియు ఆ కట్టలోనే యుండును గదా. దీనికి ప్రభుత్వపు ఉత్తర్వులతో పనిలేదు. కొన్ని తెల్లకాగితములు, అయిదు నిమిషముల కాలము చాలును.