నెట్టేదీ ఫోటానే, లాగేదీ ఫోటానే

బాగా ఎండిన పత్తి వచ్చిందంటే గుంటూరు జిన్నింగ్ మిల్లుల్లో చిక్కు మొదలవుతుంది. గింజ నుంచి విడివడిన దూది ముందుకు సాగకుండా యంత్రపు రేకులకు అంటుకుంటుంది. పింజలేమో ఒకదానికొకటి ఎడం జరుగుతూ విచ్చుకుంటాయి. రాపిడికి దూదిలో విద్యుదావేశం చేరడమే ఇందుకు కారణం. కాస్త చెమ్మ తగిలిస్తే ఆవేశం జారిపోయి దూది దారికొస్తుంది.

ఒకే ఆవేశమున్న పింజలు వికర్షించుకుంటాయి. రేకు దగ్గరికి వచ్చేసరికి లోహంలోని ఎలక్ట్రాన్లు సర్దుకుని, దూదికి ఎదురుగా విజాతి ఆవేశం పోగవుతుంది. అందుకే ఆకర్షణ. ఈ బలాన్ని 1785లో కూలుంబ్ కొలిచాడు. దూరం రెట్టింపయితే బలం నాలుగో వంతుకు పడిపోతుందని తేల్చాడు. మధ్యలో తాడూ లేదు, కర్రా లేదు. మరి ఒక ఆవేశం ఉనికి రెండోదానికి ఎలా తెలుస్తోంది?

క్వాంటం విద్యుత్ గతిశాస్త్రం చెప్పే జవాబు ఇది: ఆవేశాలు ఫోటాన్లను ఇచ్చిపుచ్చుకుంటాయి. ఇవి కాంతి కణాలే గానీ కంటికీ, పరికరానికీ విడిగా చిక్కవు. అందుకే వీటిని మిథ్యా ఫోటాన్లు అంటారు. ఈ సిద్ధాంతాన్ని తీర్చిదిద్దినందుకు ఫైన్‌మన్, ష్వింగర్, టొమొనాగాలకు 1965లో నోబెల్ వచ్చింది.

దీన్ని వివరించడానికి పుస్తకాల్లో ఒక పోలిక వాడుతుంటారు. రెండు పడవల మీద ఇద్దరు నిలబడి బరువైన మూటను ఒకరికొకరు విసురుకుంటే పడవలు దూరం జరుగుతాయి. వికర్షణ వరకు బాగానే ఉంది. ఆకర్షణ దగ్గరికొచ్చేసరికి ఈ పోలిక చేతులెత్తేస్తుంది. ఎంత విసిరినా మూట పడవలను దగ్గరికి చేర్చదు.

మిథ్యా ఫోటాన్ మూటలాంటిది కాకపోవడమే ఇందులో కీలకం. అనిశ్చితత్వ సూత్రం ప్రకారం, ద్రవ్యవేగం కచ్చితంగా ఉన్న కణానికి కచ్చితమైన చోటు ఉండదు. కాబట్టి అది ఫలానా దారిన ఇటు నుంచి అటు వెళ్లిందని అనలేం. లెక్కలో తేలేది శక్తి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం వల్ల జంట మొత్తం శక్తి మారుతుంది. ఆ మార్పు రెండు ఆవేశాల లబ్ధాన్ని బట్టి ఉంటుంది. ధనం ధనంతోనో, రుణం రుణంతోనో గుణిస్తే లబ్ధం ధనం; దగ్గరయ్యేకొద్దీ శక్తి పెరుగుతుంది. కాబట్టి శక్తి తగ్గే దిశగా అవి దూరం జరుగుతాయి. ధనం, రుణం కలిస్తే లబ్ధం రుణం. దగ్గరయ్యేకొద్దీ శక్తి తగ్గుతుంది. కాబట్టి చేరువవుతాయి.

లబ్ధం ధనమైతే శక్తి పెరగాలని ఎందుకు? ఫోటాన్ స్పిన్, అంటే కణానికి స్వతహాగా ఉండే తిరుగుడు లాంటి గుణం, 1 కాబట్టి. బలాన్ని మోసుకెళ్లే కణం స్పిన్ బేసి సంఖ్య అయితే సజాతివి వికర్షించుకుంటాయి. సరి సంఖ్య అయితే ఆకర్షించుకుంటాయి.

ఈ స్పిన్ కథలో మన తెలుగువాడి పాత్ర ఉంది. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేశారు. అణువుల మీద పడి చెదిరిన కాంతి ధ్రువణాన్ని పరిశీలించి, ఫోటాన్‌కు స్పిన్ ఉందనడానికి ప్రయోగ నిదర్శనాన్ని ఆ ఇద్దరూ 1931లో ప్రకటించారు. తర్వాత భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా, బెంగళూరులోని భారత విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా పనిచేశారు.

బలం ఎంత దూరం పాకుతుందో దాన్ని మోసే కణం ద్రవ్యరాశి చెబుతుంది. ఫోటాన్‌కు ద్రవ్యరాశి లేదు. అందుకే విద్యుత్ బలం దూరంతో పలచబడుతుందే గానీ ఒకచోట ఆగిపోదు. పరమాణు కేంద్రకంలోని బలం అతి కొద్ది దూరంలోనే ముగిసిపోతుంది గనుక, దాన్ని మోసే కణానికి ద్రవ్యరాశి ఉండాలని 1935లో యుకావా ఊహించాడు. పయాన్ అనే ఆ కణం 1947లో దొరికింది.

గురుత్వాకర్షణకూ ఇలాంటి కణముంటే దాని స్పిన్ 2 కావాలి. అది ఇంతవరకు చిక్కలేదు. 2 సరి సంఖ్య గనుక ద్రవ్యరాశులన్నీ ఆకర్షించుకుంటాయి, వికర్షణ మాటే లేదు. ప్రోటాన్, ఎలక్ట్రాన్‌ల మధ్య విద్యుత్ బలం గురుత్వం కన్నా సుమారు 10³⁹ రెట్లు ఎక్కువ. అయినా పెద్ద వస్తువుల్లో ధన, రుణ ఆవేశాలు చెల్లుకు చెల్లు అయిపోతాయి. ద్రవ్యరాశికి అలా చెల్లేసే జోడీ లేదు. అందుకే అణువులను కట్టి ఉంచే పని ఫోటాన్‌ది, గ్రహాలను తిప్పే పని ఆ బలహీనమైన గురుత్వానిది.