ఎగువవారు, దిగువవారు

తిరువూరు ప్రాంతపు రైతునకు కాలువ నీటి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. నాగార్జునసాగరపు ఎడమ కాలువ, అనగా లాల్‌బహదూర్ కాలువ, నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం జిల్లాల పొలములను తడిపిన పిదపనే మన చేలను చేరును. మనది చివరి ఆయకట్టు. ఎగువను కరవు వచ్చినను, తగవు వచ్చినను, దాని ఫలితము మొదట కానవచ్చునది మన పొలములలోనే. కనుక నదీజలములు పంచుకొను పొరుగువారి నడుమ ఒడంబడిక ఎట్లు కుదురునో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

మహాబలేశ్వరము కడ పుట్టిన కృష్ణ, మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముల మీదుగా సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి హంసలదీవి వద్ద సముద్రమున కలియుచున్నది. 1955 డిసెంబరు 10న నందికొండ కడ జవహర్‌లాల్ నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసిననాడు, నదికి ఒక ఒడ్డు హైదరాబాదు రాష్ట్రము, రెండవ ఒడ్డు ఆంధ్ర రాష్ట్రము. పొరుగువారిరువురును కలిసి తలపెట్టిన పని యది. 1956లో రెండును ఒకటయ్యెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచిరి. 2014లో మరల రెండు రాష్ట్రములు ఏర్పడెను. సరిహద్దులు మారినవి గాని, కాలువ పల్లము మారలేదు.

పంపకమునకు మొదట కావలసినది లెక్క. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్, నూటికి 75 ఏండ్లు నమ్మదగిన నీరు 2,060 టి.ఎం.సి.లని నిర్ణయించి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 చొప్పున కేటాయించెను. ఒక టి.ఎం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. వాడుక పిమ్మట తిరిగి నదిని చేరు నీటితో కలిపి ఉమ్మడి రాష్ట్రపు వాటా 811 అయ్యెను. దీనినే 2015లో తాత్కాలికముగ ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299గా వాడుకొనుటకు అంగీకరించిరి. ఇట్టి విషయములు చూచుటకే 2014 చట్టము క్రింద కృష్ణానది యాజమాన్య బోర్డు ఏర్పడినది.

లెక్క యున్నంత మాత్రమున తగవులు తొలగవు. 2023 నవంబరు చివర సాగర్ ఆనకట్టపై రెండు రాష్ట్రముల పోలీసులు ఎదురెదురుగ నిలిచిరి. కేంద్రప్రభుత్వము కలుగజేసికొని, ఆనకట్ట కాపలాకు కేంద్ర బలగములను నియమించవలసి వచ్చెను.

దేశముల నడుమను ఇదే తీరు. 1960 సెప్టెంబరు 19న కరాచీలో భారత, పాకిస్తానములు సింధు ఒడంబడిక చేసికొని, తూర్పు నదులు మూడును భారతమునకు, పడమటి నదులు మూడును ముఖ్యముగ పాకిస్తానమునకు చెందునట్లు నిర్ణయించిరి. 1965, 1971 యుద్ధములలో సైత మది నిలిచినది. కాని 2025 ఏప్రిల్‌లో, పహల్‌గాం ఉగ్రవాద దాడి పిమ్మట, భారతము దాని అమలును నిలిపివేసెను. చిరకాలము నిలిచిన పత్రమునకైనను పరస్పర విశ్వాసమే ఆధారమని దీనివలన తెలియును.

బంగ్లాదేశముతో 1996 డిసెంబరు 12న, ముప్పది ఏండ్ల గడువుతో కుదిరిన గంగా ఒడంబడిక మన గ్రామములకు మరింత దగ్గరి పాఠము. జనవరి మొదలు మే వరకు, ఫరక్కా వద్ద ప్రవాహమును పది దినముల కొకమారు లెక్కించి, అది 70,000 క్యూసెక్కులు గాని, అంతకు తక్కువ గాని యున్నచో చెరిసగము పంచుకొనవలెనని అందలి నియమము. నీరు సమృద్ధిగ నున్నప్పటి పంపకము సులభము. కొరతనాటి పంపకమును ముందే వ్రాసికొనుటయే వివేకము.

ఈ వివేకము పంటబోదెకును వర్తించును. 1997 చట్టము ననుసరించి నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. పంచాయతీ సభ్యులు వానితో కలిసి, వరుస తడుల పట్టికను నాట్లకు ముందే నిర్ణయించి అందరికిని కానవచ్చుచోట వ్రాయింపవలెను. కొరత వచ్చినచో ఎవరి వాటా ఎంత తగ్గునో అప్పుడే చెప్పవలెను. తూము కడ కొలత చూచునపుడు ఎగువ రైతు, దిగువ రైతు ఇరువురును ఉండవలెను. బోదెలలోని పూడికను ఉమ్మడిగ తీయింపవలెను.

పొరుగు రాష్ట్రము మన వాటా మనకు విడువవలెనని మనము కోరుచున్నాము. అది న్యాయమైన కోరికయే. అయితే మన బోదె చివర నున్న చిన్న రైతు మనలను కోరునదియు అదియే. మొదట అతని చేను తడియునట్లు చూతము. అప్పుడు మన మాటకు ఎగువను విలువ హెచ్చును.