నీరు మారిన కరగిపోవు మొక్క

గాజుతొట్టిలో చేపలను పెంచువారు తొట్టి వెనుకభాగమున పొడవైన మొక్కలను, ముందుభాగమున పొట్టి మొక్కలను నాటుదురు. వెనుక నాటుటకు మొక్కలు కొల్లలుగా దొరకును. ముందు నాటదగినవి మాత్రము కొద్ది. ఏలయన, నీటిమొక్కలలో చాలవాటికి వెలుగుకొరకు పైకి సాగు స్వభావము కలదు. అట్లు సాగక రెండు మూడు అంగుళముల ఎత్తుననే ఆగిపోవు మొక్కలలో క్రిప్టోకొరైనె పార్వా ఒకటి. చూచుటకు ముచ్చటైన మొక్కయే గాని, తెచ్చి నాటిన పదిదినములలో దీనిని చచ్చినదని పెరికి పారవేయువారు పెక్కుమంది. వారు పారవేయునది తరచుగా బ్రతికియున్న మొక్క.

దీని స్వస్థలము శ్రీలంక. ఆ ద్వీపము నడిభాగమున ఏటిగట్లపై, నీటి అంచున ఇది పెరుగును. హాలెండు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు డి విట్ దీనిని 1970లో వర్ణించి పేరు పెట్టెను. గ్రీకుభాషలో క్రిప్టోస్ అనగా దాగినది, కొరైనె అనగా గద. లాటిను భాషలో పార్వా అనగా చిన్నది. ఇది మన చేమ, కందల కుటుంబమునకు చెందినది. చేమపూవును చూచినవారికి ఈ పేరులోని అర్థము సులభముగా తెలియును. చేమలో ఒక పెద్దరేకు దొన్నెవలె చుట్టుకొనియుండగా నడుమ కంకి నిలిచియుండును. క్రిప్టోకొరైనెలో ఆ రేకు గొట్టముగా మూసికొనిపోయి, కంకి దాని అడుగున దాగియుండును. అదియే దాగిన గద. ఈ చిన్నమొక్క నీటి వెలుపల ఉన్నప్పుడే పూచును గనుక, తొట్టిలో ఆ పూవును చూచు ఆశ పెట్టుకొనరాదు. దీని దాయాదులైన స్పైరాలిస్, రెట్రోస్పైరాలిస్ అను జాతులు దక్షిణభారతపు ఏరులలోను కలవు. కాని అవి పొడవైన ఆకులు గలవి, తొట్టి ముందు నాటుటకు పనికిరావు.

ఏటిగట్టున బ్రతుకు మొక్కకు రెండు జీవితములుండును. వాన ఎక్కువై ఏరు పొంగినపుడు అది నీట మునుగును, నీరు తీసినపుడు గాలిలో నిలుచును. ఈ రెండు స్థితులకును ఒకే ఆకు చాలదు. గాలిలో పెరిగిన ఆకు ఎండకు వాడిపోకుండ పైన మైనపు పొర కలిగి, పత్రరంధ్రముల ద్వారా గాలిని పీల్చును. నీటిలో ఆ రంధ్రములవలన ప్రయోజనము లేదు, మైనపు పొర అడ్డంకి యగును. నీట పెరిగిన ఆకు పలుచనిది. నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువును తన ఉపరితలమంతటి ద్వారా గ్రహించును. ఆ వాయువు నీటిలో వ్యాపించు వేగము గాలిలో వ్యాపించు వేగములో సుమారు పదివేలవ వంతు మాత్రమే. గాలితో సమతూకములో ఉన్న నీటిలో లీటరుకు అర మిల్లిగ్రామునకు కొంచెము మించి మాత్రమే ఆ వాయువుండును. ఇంత కరవులో బ్రతుకవలసిన ఆకు పలుచగా నుండుట ఎంత అవసరమో విద్యార్థులు ఊహింపవచ్చును.

నేడు అంగళ్లలో అమ్ము మొక్కలు తరచుగా నీటి వెలుపల, తేమగాలిలో పెంచబడినవి. వాటిని తెచ్చి తొట్టిలో ముంచగానే పాత ఆకులు పనికిరానివగును. కొన్నిదినములకు అవి గాజువలె పారదర్శకమై, మెత్తబడి, జిగురుగా కరగిపోవును. తొట్టి యజమాని గుండె జారునది అప్పుడే. కాని మన్నులో అల్లపుకొమ్మువంటి చిన్న కాండమొకటి యుండును. దానిని మెల్లగా వ్రేళ్లతో నొక్కి చూడవలెను. గట్టిగానుండి, తెల్లని వేళ్లు అంటియున్న, మొక్క సజీవమే. కరగిన ఆకులను మాత్రము తీసివేసి, కొమ్మును కదల్పక వదలినచో కొన్ని వారములలో నీటికి తగిన కొత్త ఆకు తలయెత్తును. పెరికి మరియొకచోట నాటినచో లెక్క మరల మొదటికి వచ్చును.

ఈ మొదటి కరగుట తప్పనిది. రెండవ రకపు కరగుట మన చేతులారా జరుగును, దానినే ఇక్కడ ముఖ్యముగా చెప్పవలసియున్నది. నెలలతరబడి పచ్చగా నున్న మొక్క, తొట్టిని చక్కగా కడిగి క్రొత్తనీరు నింపిన మూడవనాడో నాల్గవనాడో ఆకులన్నియు రాల్చును. దీనికి పలు కారణములు చెప్పబడినవి: వేడిమిలో మార్పు, లవణములలో మార్పు, నైట్రేట్లలో మార్పు, వెలుగులో మార్పు. అన్నిటియందును ఉమ్మడిగా కనబడునది హఠాత్తుదనము. శుభ్రము చేయుట మంచిపనియే కదా, అది మొక్కను ఎట్లు చెరచెను? ఒక చిన్న లెక్క వేసి చూతము.

తొట్టిలో 40 లీటర్ల నీరున్నదనుకొందము. వారమునకు 4 లీటర్లు ఆవిరియగుచున్నవి. ఆవిరియగునది శుద్ధజలము. కాల్షియము, మెగ్నీషియము లవణములు తొట్టిలోనే నిలిచిపోవును. తరిగినంత బావినీటిని ప్రతివారము పోయుచున్నచో, పదివారములలో 40 లీటర్ల బావినీటి లవణములు క్రొత్తగా వచ్చి చేరును. అనగా తొట్టినీరు మొదటికంటె రెండింతలు ఉప్పు గలదగును. చేపల మలినములనుండి పుట్టు అమ్మోనియాను సూక్ష్మజీవులు నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చును. అదియు అట్లే పేరుకొనును. ఈ మార్పు మెల్లగా జరుగుటచే మొక్క దానికి అలవాటు పడును. పదకొండవ వారమున యజమాని మేల్కొని నీరంతయు తోడి క్రొత్తనీరు నింపును. పదివారములలో పెరిగిన లవణములు పది నిమిషములలో సగమగును. మొక్కకు తగిలిన దెబ్బ ఇది.

ఇక రెండవ పద్ధతి. తరిగిన 4 లీటర్లను పోయుటయే గాక, ప్రతివారము 8 లీటర్ల పాతనీటిని తీసి అంతే క్రొత్తనీరు పోయుదము. వారమునకు తొట్టిలోనికి వచ్చు లవణములు 12 లీటర్ల బావినీటివి, వెలుపలికి పోవునవి 8 లీటర్ల తొట్టినీటివి. రాకపోకలు సమానమగు స్థితిలో తొట్టినీటి లవణములు బావినీటికి ఒకటిన్నర రెట్లకు మించవు, ఎన్ని సంవత్సరములు గడచినను అక్కడనే నిలుచును. ఆవిరియైన 4 లీటర్లకు బదులు వాననీటినో, నేడు చాల ఇండ్లలో దొరకు ఆర్.ఓ. నీటినో పోసినచో ఆ పెరుగుదలయు ఉండదు. ఉపాధ్యాయులు ఈ లెక్కను బీజగణితపు తరగతిలో చేయించి, దానిని కంటితో చూపించుటకు శుభ్రమైన స్టీలుపళ్లెములలో బావినీరు, వాననీరు, తొట్టినీరు ఒక్కొక్క చెంచాడు పోసి ఎండలో ఇంకింపవచ్చును. మిగిలిన తెల్లని మరకలే సాక్ష్యము చెప్పును.

తొట్టి ఇప్పటికే చాలకాలము ఉపేక్షింపబడియున్నచో ఒక్కమారు దిద్దబోరాదు. రెండు మూడు దినములకొకమారు పదవవంతు చొప్పున మార్చుచు రెండు మూడు వారములలో దారికి తేవలెను. పోయు నీటి వేడిమి తొట్టినీటికంటె రెండు డిగ్రీలకు మించి తేడా యుండరాదు. కొళాయినీటిలో క్లోరిను కలిసియుండును గనుక వెడల్పైన తొట్టిలో ఒకదినము తెరచియుంచి వాడవలెను. క్లోరమైను కలిపిన నీటికి ఈ ఉపాయము చాలదు, అట్టి నీటికి దానిని విరుచు మందు కలుపవలెను. పి.హెచ్. 6 మొదలు 7.5 వరకు ఈ మొక్కకు సరిపడును. కొంత కఠినజలమును కూడ ఓర్చుకొనును. కావున అంకెలకొరకు ప్రతిదినము ఏదో ఒక పొడి కలుపుట కంటె, ఉన్న నీటిని ఉన్నట్లు నిలుపుటయే నా మతమున మేలు.

దీనికి హితమైన వేడిమి 22 మొదలు 28 డిగ్రీల సెంటీగ్రేడు. మన వేసవిలో నీరు 30 డిగ్రీలు దాటుట సామాన్యము. తొట్టిని కిటికీ ఎండకు దూరముగా నుంచి, నీటిపైకి చిన్న పంకా త్రిప్పినచో ఆవిరియగుటవలన నీరు కొంత చల్లబడును. కాని పైలెక్కను మరువరాదు: పంకా తిరిగినకొలది ఆవిరి హెచ్చును. వేసవిలో వాననీరు గాని ఆర్.ఓ. నీరు గాని ఎక్కువగా కావలసివచ్చును.

మిగిలిన సంగతులు స్వల్పము. ఆహారము ఎక్కువగా వేళ్లద్వారానే గ్రహించును గనుక ఇసుకక్రింద సారముగల మన్ను ఉండవలెను. తన దాయాదులకంటె దీనికి వెలుగు కొంత ఎక్కువ కావలెను. పెరుగుదల మిక్కిలి మెల్లన. తొట్టి ముందుభాగమంతయు పచ్చని చాపవలె పరచుకొనుటకు సంవత్సరము చాలకపోవచ్చును. ఆకులు చాలకాలము నిలుచుటచే వాటిపై నాచు పట్టును. దానిని గీకక, వెలుగు కాలమును దినమునకు ఎనిమిది గంటలకు తగ్గించి, పది పండ్రెండు మొక్కలను ఒక్కొక్కటి రెండంగుళముల దూరమున మొదటనే నాటుకొనుట మంచిది. పిలకలు వాటంతట అవే ఆ ఖాళీలలోనికి వచ్చును.