ఫ్యాను తిరిగింది, తెర వెలగలేదు

మా కేజీఎఫ్‌లో పాత సామానుకు మర్యాద ఎక్కువ. 2001 ఫిబ్రవరిలో గనులు మూతపడ్డాక మాలో చాలామందికి మారికుప్పం రైలే అన్నం పెట్టింది. తెల్లవారుజామున బెంగళూరు వెళ్ళడం, రాత్రికి తిరిగి రావడం. నేనూ ఆ బాపతే.

అలా ఒక శనివారం ఎస్పీ రోడ్డులో పాత మదర్‌బోర్డు ఒకటి కొన్నాను. మా అక్క కూతురు సోమవారం కాలేజీలో ప్రాజెక్టు చూపించాలి. ఇంట్లో కంప్యూటరేమో మూలపడింది. కొత్తది కొనే తాహతు లేదు. “చెక్ చేసిందే సార్, వాపసు మాత్రం లేదు” అన్నాడు అంగడి అతను.

ఇంటికొచ్చి బిగించి స్విచ్ నొక్కితే ఫ్యాను గిర్రున తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. “ఏం మామా, డబ్బులు పోయినట్టేనా?” అంది పిల్ల. నాకు గొంతులో వెలక్కాయ పడింది.

మా నాయన గనుల్లో కరెంటు పని చేసినవాడు. శివనసముద్రం నుంచి 1902లో దాదాపు 147 కిలోమీటర్లు తీగల మీద నడిచి మా గనులకు కరెంటొచ్చిన కథ ఎన్నిసార్లు చెప్పేవాడో! ఎక్కడ ఆగిందో తెలియాలంటే బయల్దేరిన చోటినుంచి రావాలనేవాడు. సరే, అలాగే మొదలుపెట్టాను.

ప్లగ్గు పీకి, బోర్డును డబ్బాలోంచి తీసి అట్టముక్క మీద పెట్టాను. కింద స్క్రూ ఏదైనా తగిలి షార్టు అవుతున్నా తెలిసిపోతుంది. ఫ్యాను తిరిగినంత మాత్రాన ప్రాసెసరుకు కరెంటు అందినట్టు కాదు. దానికి 12 వోల్టులిచ్చే నాలుగు పిన్నుల వైరు వేరే ఉంటుంది, చాలామంది మరిచిపోయేది దాన్నే. నేను మరవలేదు. చిన్న స్పీకరు తగిలించి, ర్యాము పూర్తిగా తీసేసి ఆన్ చేశాను. ప్రాసెసరు బతికుంటే ర్యాము లేదని బీప్‌మని మొత్తుకోవాలి. చడీచప్పుడూ లేదు! అంటే లోపం ర్యాముదాకా రాకముందే ఉంది. అంతవరకు ర్యామును తుడుస్తూ కూర్చున్నవాళ్ళ శ్రమ వృథా అన్నమాట.

బయోస్ సెట్టింగులు చెరిపేసే జంపరు మార్చి చూశాను, లాభం లేదు. ప్రాసెసరు తీసి, నాయన భూతద్దం పెట్టి సాకెట్‌లోకి చూశాను. 1155 పిన్నులు, నారుమడిలా వరుసలు. అందులో ఒక్కటి పక్కకు ఒరిగి ఉంది. కుట్టుసూది పట్టుకుంటే చెయ్యి వణికింది. విరిగితే బోర్డు కథ ముగిసినట్టే. అక్క టార్చి పట్టుకుంది, పిల్ల ఊపిరి బిగబట్టింది. మెల్లగా లేపి వరసలో నిలబెట్టాను.

మళ్ళీ ర్యాము లేకుండానే ఆన్ చేశాను. “బీప్!”

అంత కర్ణకఠోరమైన చప్పుడుకు మా ఇంట్లో చప్పట్లు పడటం అదే మొదటిసారి. ర్యాము కాళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్ది పెట్టేసరికి తెర మీద అక్షరాలొచ్చాయి.

“మామా, దీంట్లో ఇంకా 2012 నడుస్తోంది!” అంది పిల్ల. బోర్డు మీద బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. తేదీ చేత్తో సరిచేసి, అర్ధరాత్రిదాకా ప్రాజెక్టు టైపు చేస్తూ కూర్చుంది.